ముందు గేదెకి కట్టిన కడియాలు

1వ రోజు

మారిసెల్ గారికి ఏడో మెట్ట నుంచి తవిటయ్య నమస్కారాలు.

నా రాత బాగుండదు, మన్నించండి. అయిదో తరగతితో నా చదువు ఆగింది. ఏ అక్షరానికి ఒత్తు, దేనికి దీర్ఘం అన్నది చాలావరకు మరిచిపోయాను. అరవై ఏళ్లు తెప్ప నడిపే గెడ పట్టిన వేళ్లు, కలం పట్టుకుంటే జారిపోతోంది. ఈ పుస్తకాన్ని మీ భాషలోకి మార్చే యంత్రం నా తప్పుల్ని దిద్దుతుందో, తప్పులతోనే మారుస్తుందో తెలియదు. నెలాఖరుకి బోటు వచ్చి ఇది పట్టుకెళ్తుంది. అంతవరకు రోజూ రాయమన్నారు.

మనల్ని జత కలిపింది ఏడుబడులవాళ్లే కదా. ఏడు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి పెట్టిన జట్టు అది. మనుషుల వైద్యం, పశువుల వైద్యం, నీళ్ల చదువు, మట్టి చదువు, అన్నీ కలిపి ఒక జబ్బు వెనక పడ్డారు. పేరు పొడవని మేం ఏడుబడులు అంటాం. ఒకే జ్వరం ఉన్న ఊళ్లని వెతికి, మీ ఊరికి మా ఊరిని జత చేశారు.

మీ మొదటి ఉత్తరం, వాళ్లు మా ఇంట్లో పెట్టిన మాటపెట్టె చదివి వినిపించింది. మీ తమ్ముడు పోయిన సంగతి విన్నాను. ఏమనాలో తెలియక ఆ రోజు ఏమీ పంపలేదు. మాకూ పోయిన ఏడాది తొమ్మిది మంది పోయారు. వానలు పట్టిన నెలకి మొదలవుతుంది. పిక్కలు లాగుతాయి, కళ్లు పచ్చబడతాయి, ఆ తరవాత మూత్రం ఆగిపోతుంది. ఆస్పత్రి బోటు వచ్చేసరికి పదో రోజు. రక్తంలో ఏమీ దొరకలేదంటారు. జ్వరానికి ఇప్పటికీ పేరు లేదు.

ఇవాళ కడియాలు వచ్చాయి. ఇంటికొకటి చొప్పున అరవై నాలుగు. బూడిద రంగు, వానపాములా మెత్తగా ఉన్నాయి. ఒంటి వేడి, గుండె చప్పుడు కనిపెట్టి ఏడుబడులకి పంపిస్తాయట. పంచే పని నాకిచ్చారు. పొద్దున్నే అన్ని ఇళ్ల గేదెల్ని తెప్ప మీదకి ఎక్కించుకుని గడ్డిదిబ్బకి తీసుకెళ్లేది నేనే. మెట్ట మీద నాకు తెలియని గుమ్మం లేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. సముద్రం లోపలికొచ్చి మేం మెట్ట ఎక్కిన మొదటి ఏడు, ఎవరో నీళ్లలో వేసుకునే బిళ్లలు పంచారు. ఆ నీళ్లు తాగి పదకొండు మంది మూడు రోజులు వాంతులు చేసుకున్నారు. అప్పటినుంచి బయటినుంచి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు గొడ్డుకి. తొమ్మిది పొద్దులు చూస్తాం. గొడ్డు బాగుంటే అప్పుడు మనిషికి. ఇప్పుడూ అంతే చేశాం. ఏ ఇంటి కడియం ఆ ఇంటి గేదెకి, తోక మొదట్లో కట్టాం. అక్కడికి సరిగ్గా సరిపోయింది.

సాయంత్రం మాటపెట్టె అడిగింది, "అన్నీ కట్టారా?"

"కట్టామండి" అన్నాను.

నా చెల్లెలు పైడితల్లి పక్కనే చేటతో బియ్యం చెరుగుతూ నవ్వింది. "ఒక్క ముక్కేటి అన్నియ్యా! పెట్టె నిన్ను కరిసేత్తాదేటి? రోజంతా గేదెల్తో మాటాడతావు గానీ..."

నిజమే. గేదెలతోనే నాకు సులువు.

2వ రోజు

వాన. గడ్డిదిబ్బ దగ్గర తెప్ప కట్టే గుంట నిండా బురద నీళ్లు. గేదెలు అందులోనే పడుకున్నాయి, లేవమన్నా లేవవు. తిరిగి వస్తుంటే నీళ్లు తేటగా ఉన్న చోట పాత బడి కప్పు కనిపించింది. నా అయిదో తరగతి దాని కిందే. రోజూ దాని మీదుగానే గెడ వేస్తాను. కప్పుకి తగలకుండా కొంచెం పక్కగా పొడుస్తాను, ఎందుకో.

4వ రోజు

మాటపెట్టె పిలిచింది. "తవిటయ్య గారూ, మీ ఊరి అందరి ఒళ్లూ కొంచెం వేడిగా కనిపిస్తున్నాయి. కడియాలే ఎక్కువ చూపిస్తున్నట్టున్నాయి. ఒక డిగ్రీ తగ్గించి సరిచేశాం. మీకేమైనా తేడా తెలిసిందా?"

"లేదండి."

గేదె ఒళ్లు మనిషి ఒంటికన్నా వేడిగా ఉంటుంది, ఇంత చదివినవాళ్లకి అది తెలియదా అనుకున్నాను. కొత్త వస్తువు ముందు గొడ్డుకి కట్టడం మా ఒక్క ఊరి పద్ధతి అని నాకు తోచనే లేదు. లోకమంతా ఇంతేనని నా లెక్క.

6వ రోజు

తూర్పు వరసలో పదకొండు గేదెలు బాగా లేవు. అందరికన్నా ముందు పైడితల్లి గేదె నల్లపూస నీరసించింది. పాలు సగానికి పడిపోయాయి. మూత్రం ఎర్రగా ఉంది. పైడి దాని మెడ కింద చెయ్యేసి నిమురుతూ కూర్చుంది. కాళ్లకి చెప్పుల్లేవు. పశువుల పాకలో చీలమండ దాకా తడి.

మధ్యాహ్నం పెట్టె మళ్లీ పిలిచింది. ఈసారి డాక్టరమ్మే మాట్లాడింది. పేరు శర్వాణి. గొంతులో కంగారుంది.

"తూర్పు వరసలో పదకొండు ఇళ్లలో జ్వరం కనిపిస్తోంది. మీకు తెలుసా?"

"తెలుసండి."

"తిండి తగ్గిందా?"

"తగ్గిందండి."

"బాగా నీరసమా?"

"అవునండి."

"ఎవరినీ ఎక్కడికీ కదలనివ్వకండి. రేపు పొద్దున మేమే వస్తున్నాం."

గేదెల కోసం ఇంత దూరం నుంచి డాక్టర్లు వస్తున్నారని సంతోషం వేసింది. పైడితో చెప్పాను. "ఎంత మంచోళ్లో" అంది. నల్లపూసకి కూడా చెప్పింది.

7వ రోజు

బోటు వచ్చింది. ముగ్గురు దిగారు. డాక్టరమ్మ శర్వాణి గారు. నీళ్ల చదువు చదివిన వంజీరు గారు, ఆఫ్రికా ఖండం నుంచి; చెవిలో పెట్టుకున్న గింజ లాంటి యంత్రం ఆమె మాటల్ని తెలుగు చేస్తుంది. మూడో ఆయన మస్తాన్ గారు, పశువుల డాక్టరు. బోటు వెనక చివర, సామాన్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఆయనెందుకు వచ్చాడో ఆయనకే తెలియనట్టుంది.

డాక్టరమ్మ రేవులో దిగుతూనే, "పడుకున్న పదకొండు మందినీ చూపించండి" అంది.

పదకొండు మంది. అప్పుడు తెలిసింది నాకు. వీళ్లు వచ్చింది గేదెల కోసం కాదు, మనుషుల కోసం.

మా ఊరి పెద్ద అప్పలనర్సమ్మకి నాకన్నా ఒక్క క్షణం ముందే తెలిసినట్టుంది. వచ్చినవాళ్లకి కొబ్బరి బొండాలు కొట్టించే వంకన అక్కడే నిలబెట్టి, వెనక్కి తిరిగి చిన్నగా అంది, "ఓలప్పో! తోకల్నుంచి ఇప్పీయండెహె! కడిగి సేతులకి తొడుక్కోండి. పరువు పోతాది."

పాకల వెనక ఎంత హడావిడో చెప్పలేను. డాక్టరమ్మ వచ్చేసరికి అందరి చేతులకీ తడి కడియాలు. ఆమె పదకొండు ఇళ్లూ తిరిగింది. నాలుకలు చూసింది, కళ్లు చూసింది. అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు.

మస్తాన్ గారు ఒక కడియం ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేంటమ్మా, పేడ వాసనొస్తంది?" అన్నాడు.

"గొడ్ల ఊరు గదా బాబూ" అంది అప్పలనర్సమ్మ. "మా పెళ్లికూతుళ్ల కాడా అదే వాసన. నువ్వు గొడ్ల డాక్టరువి, నీకే ముక్కు మూసుకోవాలనిపిత్తే ఇంకెలగ?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను నవ్వలేదు.

డాక్టరమ్మ రేవు మెట్టు మీద కూర్చుంది. ముఖం వాడిపోయింది. "కడియాలు పనికిరావు. లేని జ్వరం చూపించాయి. రేపు పొద్దున్నే అన్నీ వెనక్కి తీసుకెళ్లిపోతాం. వీటినే ఇంకో ముప్ఫై ఊళ్లలో పెట్టాం, అక్కడా ఆపేయాలి" అంది.

ముప్ఫై ఊళ్లలో మీ ఊరు కూడా ఉందని నాకు తెలుసు, మారిసెల్ గారూ. చెప్పాలని రెండుసార్లు ముందుకు వెళ్లాను. అంతమంది. నోరు పెగల్లేదు. గెడ తీసుకుని గేదెల దగ్గరికి వెళ్లిపోయాను. సిగ్గు అంటే అలాగే ఉంటుంది నాకు, చిన్నప్పటినుంచి. బడిలో పేరు పిలిస్తే కూడా చెయ్యి ఎత్తేవాణ్ణి గానీ "ఉన్నాను" అనేవాణ్ణి కాదు.

8వ రోజు

పొద్దున పైడి గేదెని తోలుకుని రేవుకి రాలేదు. వెళ్లి చూస్తే చాప మీద ముడుచుకుని ఉంది. నుదురు కాలిపోతోంది.

"పిక్కలు లాగేత్తన్నాయి అన్నియ్యా" అంది. పోయిన ఏడు మా మరిది, అంటే పైడి మొగుడు, మొదటి రోజు సరిగ్గా ఇదే మాట అన్నాడు. దానికీ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

పాకలో నల్లపూస లేవలేదు.

అప్పుడు అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. పోయిన ఏడు మా మరిదికి జ్వరం రాకముందు కూడా వాళ్ల గేదె పాలు తగ్గింది. తూర్పు వరసలో పోయినవాళ్లందరి ఇళ్లలోనూ అంతే. రోజూ గేదెల్ని ఎక్కించేవాణ్ణి, దించేవాణ్ణి నేను. నాకు తెలుసు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. గేదె సంగతి వేరు, మనిషి సంగతి వేరు అనుకున్నాను.

ఇంట్లోంచి ఈ పుస్తకం పట్టుకుని రేవుకి పరుగెత్తాను. అరవై నాలుగు కడియాలూ గంపలో వేసేశారు. బోటు తాడు విప్పుతున్నారు. నోరు తెరిచాను. రాలేదు. పుస్తకం డాక్టరమ్మ చేతిలో పెట్టాను.

"నెలాఖరుకి కదా ఇవ్వాల్సింది" అంది ఆమె.

వేలు పెట్టి మొదటి రోజు పేజీ చూపించాను.

ఆమెకి నా రాత కొరుకుడు పడలేదు. మస్తాన్ గారు తీసుకుని పైకి చదివాడు. ఆయన బాగా చదివాడు, తడబడకుండా. "ఏ ఇంటి కడియం ఆ ఇంటి గేదెకి, తోక మొదట్లో కట్టాం" దగ్గర ఆగిపోయి, మళ్లీ చదివాడు.

తరవాత అప్పలనర్సమ్మ నా మీద పడింది. "ఒరే తవిటీ! పుట్టి బుద్దెరిగి నోరిప్పనోడివి, ఇప్పుడిప్పావా? ఊరి పరువంతా రాసి పెట్టావేటిరా!"

"తిట్టకండమ్మా, ఆయన్ని తిట్టకండి" అన్నాడు మస్తాన్ గారు. బోటు వెనకనుంచి ముందుకొచ్చేశాడు, సామాన్ల మీదనుంచి దూకి. "మేడమ్, కడియాలు పాడవలేదు. జ్వరం నిజమే. పదకొండు గేదెలకి జ్వరం. రెండ్రోజుల ముందే చూపించాయి అవి."

డాక్టరమ్మ ఆయన్నే చూస్తోంది.

"మా చెల్లికి జ్వరం" అన్నాను. ఆ మూడు మాటలు ఎలా వచ్చాయో నాకు తెలియదు.

ఆ తరవాత వాళ్లు పని చేసిన తీరు చూడాల్సింది, మారిసెల్ గారూ. డాక్టరమ్మ పైడి రక్తం తీసింది. మస్తాన్ గారు నల్లపూస పక్కన బురదలో మోకాళ్లేసి దాని మూత్రం పట్టాడు. వంజీరు గారు నా తెప్పెక్కి గడ్డిదిబ్బ గుంట నీళ్లు సీసాలో నింపింది. దిగేముందు నా చేతిలోంచి గెడ తీసుకుని తానే రెండు పోట్లు వేసింది. బాగా వేసింది. వాళ్ల ఊళ్లోనూ నీళ్లేనట.

మూడు సీసాలూ బోటులోని యంత్రంలో పెట్టారు. మూడింటిలోనూ ఒకటే పురుగు, దారప్పోగులా మెలికలు తిరిగి.

"మూడేళ్లుగా దీన్ని పదో రోజు రక్తంలో వెతికాం" అంది డాక్టరమ్మ. "పదో రోజుకి ఇది రక్తంలో ఉండదు. కిడ్నీల్లోకి దిగిపోతుంది. మొదటి రోజు మనిషి మాకెప్పుడూ దొరకలేదు."

"మొదటి రోజు గేదె కూడా" అన్నాడు మస్తాన్ గారు. "దీనికి మందు నా పెట్టెలో ఉంది."

సూది తీసుకుని వాళ్లు పైడి దగ్గరికి వస్తే, పైడి చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

"ముందు నల్లపూసకి" అంది.

"అమ్మా, టైము లేదు" అంది డాక్టరమ్మ.

"కొత్త మందు. ముందు గొడ్డుకి. తొమ్మిది పొద్దులు. నాకోసం పద్దతి మారిత్తే రేపు ఊళ్లో ఎవుడూ ఆగడు."

గుమ్మం దగ్గర అప్పలనర్సమ్మ తల ఊపింది. ఊళ్లో సగం మంది ఊపారు. పద్ధతి పెట్టింది ఊరంతా కలిసి. ఆ పదకొండు మంది వాంతులు అందరూ చూశారు.

నేను పైడి పక్కన కూర్చున్నాను. "నువ్వు తొమ్మిది పొద్దులుండవు" అన్నాను. "నీ మొగుడు ఎన్ని పొద్దులున్నాడు? నాను గెడ ఏసి ఏసి ఇంటికొత్తే అన్నం పెట్టడానికి ఎవులుంటారు? ఏటి, నల్లపూస పెడతాదా?"

నా జన్మలో ఇన్ని మాటలు ఒకేసారి అనలేదు. గుమ్మం దగ్గరవాళ్లు కూడా ఆశ్చర్యపోయారు. పైడి ఏడ్చింది గానీ చెయ్యి బయటికి రాలేదు.

అప్పుడు మస్తాన్ గారు చాప పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు, "తల్లీ, గేదెకిచ్చి తొమ్మిది రోజులు చూడాలి, అంతేగా నీ మాట?"

"అంతే."

"ఈ మందు నేను గేదెలకి ఇరవై రెండేళ్లుగా ఇస్తన్నా. ఎన్ని వేల గేదెలో నాకే గుర్తులేదు. ఇంకో జబ్బుకి మీ డాక్టరమ్మ మనుషులకీ ఇస్తది. నీ తొమ్మిది రోజులు ఎప్పుడో అయిపోయినయ్."

పైడి డాక్టరమ్మ వంక చూసింది. ఆమె అవునంది. తరవాత అప్పలనర్సమ్మ వంక చూసింది.

"మరది ముందే సెప్పాల గదా బాబూ!" అంది అప్పలనర్సమ్మ, తప్పంతా ఆయనదే అయినట్టు.

పైడి చెయ్యి చాపింది. "నల్లపూసకి కూడా ఎయ్యండి" అంది.

11వ రోజు

పైడికి జ్వరం తగ్గలేదు. కళ్లు కొంచెం పచ్చగా ఉన్నాయి. డాక్టరమ్మ బోటు ఎక్కలేదు, మా ఇంట్లోనే ఉంది. మూత్రం ఎంత వచ్చిందో గ్లాసుతో కొలిచి రాసుకుంటోంది. నేను చేపల పులుసు పెడితే ముళ్లు తీసుకోవడం రాక అవస్థ పడింది. పైడి చాప మీదనుంచే నవ్వింది. ఆ నవ్వు చాలు నాకు ఈ రోజుకి.

తూర్పు వరసలో ఇంకో ముగ్గురికి జ్వరం. ముగ్గురికీ మొదటి రోజే మందు పడింది.

నల్లపూస పోయింది. మందు దానికి ఆలస్యమైంది. నాలుగో రోజు పెట్టె అడిగినప్పుడు ఒక్క మాట ఎక్కువ చెప్పి ఉంటే బతికేదేమో. పైడికి ఇంకా చెప్పలేదు.

13వ రోజు

జ్వరం వదిలింది. పైడి గంజి తాగి, "నల్లపూస పోనాది కదా?" అంది. తలూపాను. "నీ మొకం సూత్తే మొన్నే తెలిసింది" అంది.

ఇద్దరం పాక దాకా నడిచాం. ఖాళీ రాటకి కడియం కట్టి ఉంది. మస్తాన్ గారు కట్టాడట.

19వ రోజు

వంజీరు గారు చెప్పినట్టు తెప్పని గుంట దగ్గర కట్టడం మానేసి, పారే నీళ్ల వైపు కొత్త రాటలు పాతాం. పాకల్లోకి దిగేవాళ్లకి మోకాళ్ల దాకా బూట్లు వచ్చాయి. ముందు గేదెలకి తొడగాలా అని ఎవరో అడిగారు. అప్పలనర్సమ్మ కూడా నవ్వింది.

ఏడుబడులవాళ్లు ఏడు దేశాల పెద్దలతో కలిసి మాట్లాడుకున్నారట. ఇక ముప్ఫై ఊళ్లలోనూ ఇంటికి రెండు కడియాలు. ఒకటి గొడ్డుకి, ఒకటి మనిషికి. గొడ్డుదే ముందు. మస్తాన్ గారు ఇప్పుడు బోటు ముందు కూర్చుంటున్నాడు. కాళ్లు బారజాపుకుని మరీ.

వెళ్లేటప్పుడు డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. నేనేమీ అనలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను, యంత్రం ఆమెకి కూడా చదివి వినిపిస్తుంది కాబట్టి. అమ్మా, ఈ ఏడు మా మెట్ట మీద జ్వరంతో ఒక్క మనిషీ పోలేదు. మీ అందరికీ రుణపడి ఉన్నాం. పులుసు ముళ్లు తీసి పెట్టనందుకు మన్నించండి, నాకు తోచలేదు.

30వ రోజు

ఇవాళ బోటు వస్తుంది. పైడి పొద్దున్నే అప్పలనర్సమ్మ గేదెకి పాలు పితికింది, ఆమె ఇచ్చిన పెయ్యిదూడ మెడ నిమిరింది, బూట్లు కడిగి ఎండలో పెట్టింది. ఇన్ని పనులు చూస్తూ రాయడానికి కూర్చున్నాను.

చెల్లెమ్మా, ఇక మిమ్మల్ని అలాగే పిలుస్తాను. మీ ఉత్తరంలో మీ ఊరి గేదెల గురించి ఒక మాట ఉంది. మీ తమ్ముడు పొలానికి తీసుకెళ్లే గేదె, ఆయన పోవడానికి ముందు వారం కాడి మోయనని మొండికేసిందని రాశారు. అప్పుడు దాన్ని దాటేసి విన్నాను. ఇప్పుడు నిద్రలో కూడా ఆ మాటే వినిపిస్తోంది.

నెల అయింది, మీనుంచి రెండో ఉత్తరం రాలేదు. మీకు వానలు మొదలై ఉంటాయి. ఈ పుస్తకంతో పాటు ఒక కడియం పంపుతున్నాను. నల్లపూసది. పైడి కడిగి, పసుపు రాసి ఇచ్చింది. కొత్తది కాదు, ఇలాంటివి మా గొడ్ల మీద తొమ్మిది పొద్దులు దాటాయి కాబట్టి మీరు భయపడక్కర్లేదు. దాన్ని మీ తమ్ముడి గేదెకి కట్టండి. గేదె మేత మానేస్తే పదో రోజు దాకా ఆగకండి. పెట్టె అడిగినా అడగకపోయినా చెప్పండి. నాలాగా చెయ్యకండి.

పైడి రోజూ రెండు పూటలా అడుగుతోంది, ఆ అప్ప దగ్గర్నుంచి కబురొచ్చిందేటి అని. ఇంకా రాలేదని చెప్పడం నాకు కష్టంగా ఉంది. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. నాకు మూడు మాటలు చాలు, మూడు మాటల విలువ నాకు తెలుసు. మీరు బాగున్నారని, గేదె మేస్తోందని రాయండి. వెంటనే రాయండి, చెల్లెమ్మా. పెట్టె పక్కనే చాప వేసుకుని కూర్చున్నాను.